ఏలియా తాడు వేసిన బావులు

మా మరిది ఏలియా గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. వాడి మీద కాదు, వాడి మాట చెవిన పెట్టనివాళ్ల మీద.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే తోవలో, బాట దిగి పొలాల్లోకి నడిస్తే మా పల్లె వస్తుంది. ఊరు ఒక పక్క, మా వాడ ఒక పక్క. వాడలో చర్చి ఉంది, గంట ఉంది, పండగలకు పాస్టరు గారు వస్తారు. బావి మాత్రం లేదు. ఊరివాళ్ల బావుల్లో మేము చేద వెయ్యకూడదు. గట్టు కింద కుండ పెట్టుకుని నిలబడాలి. పైనున్నవాళ్లకు తీరిక దొరికినప్పుడు, మనసు పుట్టినప్పుడు పోస్తారు. అది కూడా సగం కుండలో, సగం మట్టిలో. మా అత్త రాహేలు అట్లా నిలబడి నిలబడే ముసలిదైపోయింది. నేను కాపురానికి వచ్చాక ఆ నిలబడటం నాకు వచ్చింది.

ఏలియా మిషన్ బడిలో కొన్నాళ్లు చదివాడు, తర్వాత బొల్లారంలో మిలిటరీవాళ్ల గుర్రాలకు నీళ్లు మోశాడు. గుర్రాలకు తొట్లు, మాకు ఎదురుచూపులు! అది తట్టుకోలేకే అక్కడ మానేసి వచ్చానని చెప్పేవాడు. అప్పుడు దూరాన ఎక్కడో యుద్ధం జరుగుతుంటే, మా దగ్గర లెవీ అని సర్కారువాళ్లు రైతుల గింజలు కొలిపించుకుపోయేవాళ్లు. ఆ రోజుల్లోనే ఒక ఓవర్సీరు వచ్చాడు. చెరువులు, వాగులు, బావులు చూసి, ఎండాకాలంలో ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో తేల్చడం ఆయన పని. నీళ్లు నిలిచే చోట, బావిలేని వాడకు సర్కారు బావి తవ్విస్తుంది. బావిలోకి దించి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచే తాడు పట్టడానికి ఆయన ఏలియాను పెట్టుకున్నాడు.

వాడు ఆ రోజు ఇంటికి వచ్చింది నడుచుకుంటూ కాదు, ఎగురుకుంటూ.

"అమ్మా, వాడకు బాయి వస్తాంది!"

"ఎవడు తవ్విస్తడురా, మీ తాతనా?" అంది మా అత్త.

"సర్కారు. మన ఊరి బాయిలల్ల ఎండకాలం గూడ నీళ్లున్నయని తాడేసి సూపియ్యాలె. గంతే."

"తాడేస్తే బర్రె వస్తది బిడ్డా. బాయి వస్తదని నేనైతే ఇనలే."

వాడు నవ్వి నా వైపు తిరిగాడు. "వదినె, శామీర్‌పేట చెరువు నిండితే మన బాయిల ఊట పెరుగుతది. వాగు ఎండితే తగ్గుతది. పైన కనపడే నీళ్లు, కింద కనపడని నీళ్లు యేరే యేరే గాదు. అంత ఒక్కటే సంసారం."

"సంసారమైతే లొల్లి గూడ ఉంటది, సూస్కో" అన్నాను నేను.

ఊరికే అన్నాను. లొల్లి రానే వచ్చింది.

ఆ కొలతకు ఒక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి బావిని ముట్టుకోకూడదు. ఎడ్లను కట్టి మోట కొట్టకుండా రాత్రంతా వదిలేస్తే, ఊట ఊరి నీళ్లు నిలవాల్సిన చోట నిలుస్తాయి. పొద్దున తాడు వేస్తే నిజం తెలుస్తుంది. అందుకని ఏలియా ముందురోజే ఇల్లిల్లూ తిరిగి, "రేపు సాబ్ వస్తడు, మోటలు బంద్ పెట్టుండ్రి" అని చెప్పి వచ్చాడు.

రైతులు విన్నారు. విని తల ఊపారు. వాడు అటు పోగానే ఇటు మోటలు కట్టారు. బావిలో నీళ్లు చూసిపోయేవాడు, ఆ నీళ్లకు ఎంత పంట పండుతుందో లెక్కేసి లెవీ పెంచడా అని వాళ్ల భయం. కోడి కూసేదాకా తోడి, ఒక్క మొక్క లేని బీడులోకి పారబెట్టారు.

అన్నిటికంటే పెద్ద బావి గౌరయ్య పటేలుది. ఆయన దగ్గర జీతం ఉన్నది ఎవరు? నా మొగుడు ప్రభుదాసు, ఏలియాకు సొంత అన్న! ఆ మోట తోలింది ఆయనే.

పొద్దున నేను కుండతో గట్టు కింద ఉన్నాను. ఓవర్సీరు వచ్చాడు. ఏలియా తాడు దించాడు. తాడు పోతూనే ఉంది, నీళ్లు తగలవు. వాడు వంగి చూశాడు. లోపల రాళ్లు ఎంతో పైదాకా తడిగా మెరుస్తున్నాయి. తలెత్తితే ఎడ్ల మూతుల నిండా నురగ. పక్కన అన్న, ధోవతి నీళ్లోడుతూ. బీడులో బర్రెలు బురదలో దొర్లుతున్నాయి, నడి ఎండాకాలంలో!

"నీళ్లు గింత కిందికున్నయా పటేల్?" అన్నాడు ఓవర్సీరు.

"ఏం జెయ్యాలె సాబ్, దేవుడు కన్నెర్ర జేసిండు. అన్ని బాయిలు గిట్లనే."

ఏలియా నోరు తెరిచాడు, అన్నను చూసి మూసుకున్నాడు. అంతమంది ముందు చెబితే అన్న బతుకు ఏమవుతుందో వాడికి తెలుసు. ఓవర్సీరు బండి దాకా పోయాక చెప్పాడు. ఆయన చిరాకు పడ్డాడు.

"నాకు కండ్లు లేవా ఏలియా? రాళ్లు తడిగున్నయి, సూసిన. గానీ తాడు ఏం జెప్తే గదే రాయాలె. మోట ఆపుతనని బాయి మాలిక్‌తోని చెప్పియ్యి, మళ్ల కొలుస్తం. రేపటిదాక మేడ్చల్ల ఉంట. తర్వాత నా చేతుల లేదు."

ఏలియా ఆ మధ్యాహ్నమే గౌరయ్య వాకిట్లో నిలబడ్డాడు. నేను కూడా పోయాను, ఎట్లాగూ నా కుండ ఇంకా నిండలేదు.

"పటేలా, ఒక్క రాత్రి మోట ఆపుండ్రి. వాడకు బాయి వస్తది."

"నీ వాడకు బాయి వస్తది, నాకు లెవీ వస్తదిరా ఏలిగా."

"లెవీకి తాడుకు సంబంధం లేదు. యేసయ్య మీద ఒట్టు."

"నీ దేవుని మీద ఒట్టేస్తే నా గింజలు ఆగుతయా? మొన్నొచ్చినాయన గూడ సంబంధం లేదనే జెప్పిండు. చెప్పి గాదె ఊడ్సుకపోయిండు."

అది అబద్ధం కాదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

"మాకు బాయి ఉంటే మా ఆడోళ్లు మీ గట్టుకాడికి రారు పటేలా. మీకే నిమ్మలం గాదా?"

లోపలి నుంచి గౌరయ్య పెండ్లాం సత్యమ్మ కేకేసింది. "రాకపోతే పెండ ఎవరెత్తుతరు?"

నీళ్ల కోసం నిలబడ్డప్పుడల్లా మా చేత కొట్టం ఊడిపించేవాళ్లు, పెండ ఎత్తించేవాళ్లు. ఆడదాని నోట ఒక్క ముక్కలో అసలు సంగతి వచ్చేసింది. గౌరయ్య తుండు దులుపుకుని లోపలికి పోయాడు.

ఇంటికొచ్చి ఏలియా అన్న మీద పడ్డాడు. "నాకన్న జెప్పవైతివి గదనే!"

"జెప్పి? రేపటి నుంచి మీ వదినె ఏం వండుతది, నీ తాడా?" అన్నాడు నా మొగుడు. తర్వాత ఆయన అన్నం ముట్టుకోలేదు. నేనూ బతిమాలలేదు.

మర్నాడు ఓవర్సీరు వెళ్లిపోయాడు. మా పల్లెలో ఊటలు లేవని కాగితం పోయింది. బావి అత్వెల్లి పక్కన ఒక వాడకు వచ్చింది. వాళ్లన్నా తాగనీ.

ఏలియా ఆ పని వదిలేశాడు. "ముందుగల జెప్పకుంటే కొలత తప్పు. జెప్తే కొలత అబద్ధం. గీ పని నాతోని గాదు వదినె" అన్నాడు. గడ్డపార భుజాన వేసుకుని వాగులోకి దిగి, తుంగ పచ్చగా ఉన్నచోట ఇసుకలో చెలిమ గుంట తవ్వడం మొదలుపెట్టాడు. నేను తట్టతో ఇసుక ఎత్తిపోశాను. పొద్దు వాలుతుంటే నా మొగుడు వచ్చాడు.

"పటేలు బాయి తోడుడు అయిపోయిందా అన్నా? ఇగ వాగు తోడనీకి వచ్చినవా?"

ఆయన నా చేతిలో తట్ట లాక్కున్నాడు. ఇద్దరూ తవ్వారు, తవ్వినంతసేపూ ఏలియా తిడుతూనే ఉన్నాడు. నీళ్లు ఊరాయి, బురదగా. వాడంతా కుండలతో వచ్చి పడింది.

"అందరొకటేసారి ముంచకుండ్రి! తేరనియ్యుండ్రి. ఊరినంతనే తీయాలె, లేకుంటే గట్టు కూలుతది!"

ఎవరు విన్నారు? వాడి తల్లే ముందు ముంచింది. తెల్లారేసరికి గట్టు కూలి చెలిమ పూడిపోయింది. వాడు తిట్టుకుంటూ మళ్లీ తవ్వాడు. పక్కన కూర్చుని, ఒక కుండ నిండి నీళ్లు తేరాకే రెండో కుండ పెట్టనిచ్చాడు. మనుషులు వాడిని పిసినారి అన్నారు, పిచ్చోడు అన్నారు. అంటూనే వరసలో నిలబడ్డారు.

గడ్డపార ఎత్తే బలం ఉన్నన్నాళ్లు, ప్రతి ఎండాకాలం తవ్వాడు. వాన పడితే వాగు పారి చెలిమ పూడిపోయేది. వాగు నిండా ఎర్రనీళ్లు. అప్పుడు మేము మళ్లీ సత్యమ్మ గట్టు కిందికే పోయేవాళ్లం. నెత్తి మీద వాన కారుతుంటే, తాగే నీళ్ల కోసం నిలబడేవాళ్లం.