కొత్త అంగడి లోపలి పాత అంగడి

ఈ ఉదయం చింతామణిలో బజారువీధి వెనుకనున్న గానుగ ముందుగా నడుస్తుండగా వేరుశనగ చెక్క వాసన తగిలింది. అప్పుడే నూనె పిండిన చెక్క. ఇంకా వేడి ఆరలేదు. కాళ్లు వాటంతటవే ఆగాయి. గానుగ యజమాని నా చూపు గమనించి, “ఆవుకా అప్పా?” అని అడిగాడు. మా ఇంట ఆవు లేదు. అయినా తల ఊపి ఒక ముక్క కాగితంలో కట్టించుకొన్నాను. ఆ గానుగ పక్కగదిలో ఇప్పుడు మొబైలు ఫోన్లు అమ్ముతున్నారు. ఒకప్పుడు అక్కడ నాగరత్నమ్మ కంప్యూటరు మీద పెళ్లిపత్రికలు కూర్చేది. గోడ దాటి వచ్చే ఈ వాసనలోనే ఆమెతో నా మధ్యాహ్నాలు గడిచాయి.

తెలుగు పండితుడిగా ఉద్యోగవిరమణ చేసిన పిదప నేను మిట్టేమరి, సోమేనహళ్ళి, నాగరగెరె పల్లెలలో వృద్ధుల నోట మిగిలియున్న యక్షగాన పదాలను పోగుచేయ పూనుకొన్నాను. వ్రాసి తెచ్చినదానిని ఆమె కూర్చేది. అంతటితో సరిపుచ్చేది కాదు. పాడిన మనిషినే బస్సులో పిలిపించి, కాఫీ తాగించి, తెర ముందు కూర్చోబెట్టి మళ్లీ పాడించేది. నేను వ్యాకరణం ఒప్పదని ఏదైనా మాట సవరించబోతే కీబోర్డు మీదనుంచి చేతులు తీసేసేది. “కాయితం మీద ఉండేది మీ పాటప్పా. ఆ పెద్దాయన గొంతులో ఉండేది ఆయప్ప పాట. ఏది కొట్టల్ల?” అనేది. బోధించడమే వృత్తిగా బ్రతికిన నాకు వినడం నేర్పినది ఆమె. అలా దిద్దుకొన్న పాఠం నా కాగితాలలో లేదు. ఆ కంప్యూటరులో మాత్రమే ఉంది.

రెండువేల దశకం చివరి ఏండ్లవి. మిట్టేమరిలో ఆఖరి గాయకుడు కన్నుమూసిన వేసవిలోనే ఆ యంత్రమూ మూలగసాగింది. నాగరత్నమ్మ కొత్తది కొన్నది. కాని మేము వాడిన పాత కూర్పు ప్రోగ్రాము దానిమీద నడవదు. మా ఫైళ్లను వేరొకదానిలో తెరిస్తే అక్షరాలన్నీ గీతలూ చుక్కలూ అయ్యాయి. మరల మొదటినుంచి కూర్చుదామంటే, అనుమానం వచ్చిన చోట అడగడానికి గొంతు మిగలలేదు. పదాలన్నీ గాయకులతోనే వెళ్లిపోయినట్లయింది.

ఆమె లినక్స్ అనే ఉచిత కంప్యూటరు వ్యవస్థ మీద మక్కువ గలది. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా బెంగళూరునుంచి డిస్కు తెప్పించుకొనేది. “ఈతూరి వచ్చిండేదాంట్లో ఒక కొత్త సంగతి ఉండాదప్పా,” అంది. “వర్చువలైజేషన్ అంటారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టచ్చంట.” నాకు బోధపడలేదని గ్రహించి తన తాత సంగతి చెప్పింది. వారిది బాగేపల్లిలో వర్తకుల కుటుంబం. ముసలితనంలో తాతకు చూపు పోయింది. ఆ ఊరి గానుగను ఆనుకొన్న పాత అంగడిని విడిచి వేరొక వీధిలో కొత్త అంగడి కట్టినప్పుడు, ఆమె తండ్రి లోపల ఒక మూల పాత అరలనే పాత కొలతకు, పాత వరుసకు అమర్చాడట.

“బెల్లం యాడ ఉండేదో ఆడనే బెల్లం, పప్పు యాడ ఉండేదో ఆడనే పప్పు. తాత చెయ్యి చాపితే అందల్ల. ఆయప్ప పాత అంగట్లో ఉన్నట్టే కూర్చోని యాపారం చేసేవాడు. చుట్టూరా కొత్త అంగడి నడస్తా ఉండేది. అట్లనే ఇదీ.”

పాత డిస్కునంతటినీ ఒకే ఫైలుగా కొత్త యంత్రంలోకి ఎక్కించింది. తెరచిన ప్రతిసారీ నల్లని తెర మాత్రమే. కొన్నాళ్లు పెళ్లిపత్రికలు వెనుకబడ్డాయి. వచ్చినవారు గొణిగి వెళ్లారు. చివరకు లోపం తెలిసింది. లోపల ఇంకొక కంప్యూటరును నడిపే శక్తి ప్రాసెసరులో ఉన్నది గాని, తయారుచేసినవారు దానిని మూసి పంపారు. యంత్రం మేలుకొనే క్షణంలోనే సెట్టింగులలోకి వెళ్లి తెరవాలి. “అరలన్నీ కట్టి తలుపు గొళ్ళెం తీయకుండా కూర్చున్న్యాము,” అని తన్ను తానే ఎగతాళి చేసుకొంది. ఆ సాయంత్రం కొత్త తెర నడుమ మా పాత తెర లేచింది. మా పుట వచ్చింది. అరసున్నలు, బండిఱలు వేటి చోట అవి ఉన్నాయి. కండ్లజోడు తీసి తుడుచుకొన్నాను.

“తాను లోపల ఉన్నానని దానికి తెలుసునా అమ్మా?” అని అడిగాను.

“దానికి తెలీదప్పా,” అంది. “మా తాతకి తెలుసు. ఒకదినం నన్ను దగ్గరికి పిలిచి, చెక్క వాసన రాలేదే అమ్మణ్ణీ, సున్నం వాసన వస్తాండాదే అన్న్యాడు. ఎవురికీ చెప్పద్దు, మీ నాయన శానా కష్టపడి కట్టినాడు అన్న్యాడు.”

ఆ విడుదలలోని మరొక వెసులుబాటునూ చూపింది. లోపలి కంప్యూటరును పని మధ్యలో ఉన్నదున్నట్లు నిలిపి దాచవచ్చు. ఎప్పుడు లేపినా అక్కడినుంచే సాగుతుంది. అందుకు సాక్ష్యంగా ఒక పంక్తి కొడుతూ సగంలో ఆపి దాచింది. ఇంతలో ఎవరో పత్రికలకు వచ్చారు. ఆమె లేచి వెళ్లింది. తరువాత పుస్తకం అచ్చయింది. ఆ పైన కొన్నేండ్లకు జబ్బుచేసి, నాకంటె ఎంతో చిన్నదైన నాగరత్నమ్మ వెళ్లిపోయింది. ఆనాడు అలా నిలిపి దాచి ఆమె నాకు నకలిచ్చిన ఫైలు మాత్రం నా ఇంటి కంప్యూటర్లు మారినప్పుడల్లా ఒకదానినుంచి మరొకదానిలోకి నాతో వస్తూనే ఉంది.

గానుగనుంచి ఇంటికి వచ్చి దానిని లేపాను. అదే పాత తెర, అదే పుట. పుట చివర ఆమె సగంలో విడిచిన పంక్తి: “అప్పా, ఇప్పుడు మీరు”. ఆ మాట పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఆమె చేతికోసం చూస్తున్నది. దానిని పూర్తిచేయడానికి నాకు ఎన్నడూ చేతులు రాలేదు. కాగితం విప్పి చెక్క ముక్కను తెర పక్కన పెట్టాను. నా భార్య లోపలికి వచ్చి, ఏమిటీ వాసన అని అడిగింది. నేను చెప్పలేదు.