కొబ్బరాకు కట్టిన తోపు

"ఎకరాలెన్నే అని అడిగితే చెట్ల పేర్లు చెబుతావేంటి?" అన్నాను.

"అక్కడ ఎకరాల లెక్క లేదు అమ్మమ్మా. ఎన్నిసార్లు చెప్పను?" అంది రూతు.

"కొలత లేని భూమి ఎక్కడన్నా ఉంటదా? భూమే లేదని చెప్పు, సరిపోద్ది."

"నేను చేసుకునేది యోనాస్‌ని. వాళ్ళ భూమిని కాదు."

"ఆ ఓడల ఉద్యోగం పోతే ఏం తింటారు? ఇల్లూ వాకిలీ చూడకుండా మన ఇళ్ళల్లో పిల్లనిచ్చినోళ్ళెవరు?"

"అయితే వచ్చి చూడు. ఖర్చు నాది."

"నీదైతే మాత్రం? డబ్బు డబ్బే."

"రానంటావు, చూడకపోతే ఒప్పుకోనంటావు. నన్నేం చెయ్యమంటావు మరి?" అంటూ రూతు చేతిలో గిన్నె ఠప్పున పెట్టింది.

రూతు నా మనవరాలు. తల్లి పోయాక నేనే పెంచాను. సింగపూరులో నర్సుగా చేస్తోంది. యోనాస్ ఓడల మీద మెకానిక్. పుట్టింది ఇండోనేసియాలో, ఆంబోన్ దగ్గర ఒక చిన్న లంకలో. మాలాగే ప్రొటెస్టెంటులు. అబ్బాయిని ఫోనులో చూశాను, మాట నెమ్మది. అతనితో నాకు పేచీ లేదు, ఇల్లు చూడాలి అంతే. చివరికి ఒక షరతు మీద కదిలాను. మా వైపు వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకుంటారు. "వాళ్ళమ్మని నేను వదినగారూ అంటే సంబంధం ఖాయం. అనకుండా తిరిగొస్తే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు" అన్నాను. "సరే, మాట మీద ఉండు" అంది రూతు.

మా స్త్రీల కూడికలో అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

కంకిపాడు నుంచి గన్నవరానికి ఆటోవాడు ఎనిమిది వందలన్నాడు. ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టే లేనప్పుడు ఆటో దేనికి? ఆధార్ కార్డు చూపించి బెంజి సర్కిల్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. పదిన్నరకి విమానాశ్రయంలో ఉన్నాం. పులిహోర, జంతికలు, ఎండుమిర్చి, చింతపండు కట్టుకున్నాను. లోపల కాఫీ ధర చూస్తే మీరూ కట్టుకుంటారు.

చెన్నై విమానంలో పక్క సీటాయన తెనాలివాడు. ఇండోనేసియా వెళ్తున్నామని వినగానే "బాలీ చూడ్డానికా పిన్నిగారూ?" అన్నాడు.

"కాదండీ, సంబంధం చూడ్డానికి."

"అంత దూరమా! మా తమ్ముడి కొడుకు హనుమాన్ జంక్షన్‌లోనే ఉన్నాడండీ, ఇంజనీరు. పిల్లాడు బంగారం."

రూతు చెవుల్లో ఫోను తీగలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

చెన్నై, సింగపూరు, జకార్తా, ఆంబోన్. వీసా జకార్తాలో దిగాకే ఇచ్చారు. ఆంబోన్‌లో దిగేసరికి అక్కడ ఉదయం ఏడు, మనకి ఇంకా తెల్లారలేదు. అక్కణ్ణుంచి కారులో రేవుకి, రేవు నుంచి మోటారు పడవలో లంకకి. ఆ పడవకి వేళంటూ లేదు, మన షేర్ ఆటోలాగే నిండితేనే కదులుతుంది. కోళ్ళు, బియ్యం బస్తాలు, ఒక కుట్టుమిషను, మేము. సగం దూరంలో నాకు కడుపులో తిప్పింది. పక్కనున్నామె ఏమీ అడక్కుండా నా అరచేతిలో రెండు లవంగాలు పెట్టి, నమలమని దవడ ఆడించి చూపించింది. నమిలాను. తిప్పడం ఆగింది.

ఆ లవంగాలు ఎక్కడివో ఊళ్ళోకి వెళ్ళాక తెలిసింది. రోడ్డు పొడుగునా చాపల మీద లవంగాలు ఎండబోసి ఉన్నాయి. మన దగ్గర రోడ్డు మీద వడ్లు పోస్తే లారీలు మీదనుంచే పోతాయి. అక్కడ మోటారు సైకిళ్ళు కూడా చాప అంచు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళాయి. కాపలా మనిషి లేడు. ఇది నాకు చాలా నచ్చింది. నచ్చిందని రూతుకి చెప్పలేదు.

యోనాస్‌కి ఓడ మీద సెలవు దొరకలేదు. వాళ్ళమ్మ ఎస్తేరు రేవుకే వచ్చి నా సంచీ అందుకుంది. భర్త లేడు. నాకంటే పదేళ్ళు చిన్నది. నేను ఎస్తేరమ్మగారూ అన్నాను, అంతకు మించి ఒక్క అక్షరం కలపలేదు. రేకుల ఇల్లు, సిమెంటు నేల, వెనక కొబ్బరి తోపు. వాకిలి మన కొబ్బరి ఈనెల చీపురు లాంటిదానితోనే ఊడ్చి ఉంది. భోజనంలో సగ్గుచెట్టు మానులోంచి తీసిన పిండిని జిగురుగా కాచి పెట్టారు. దాన్ని నమలకూడదు, మింగడమే. దాంతోపాటు పసుపూ నిమ్మరసమూ వేసిన చేపల పులుసు. పులుసు మాత్రం మన ఇంట్లో వండినట్టే ఉంది.

మర్నాడు ఆస్తి చూపించమన్నాను. ఎస్తేరమ్మ కొండవాలుకి తీసుకెళ్ళింది. యోనాస్ దగ్గర నేర్చుకున్న వాళ్ళ భాషతో రూతు మధ్యలో ఉండి ఇటు మాట అటు చెప్పింది. "ఈ లవంగ చెట్లు మా మామగారి తండ్రి నాటాడు. ఆయన సంతానమంతా కోసుకుంటాం. ఎవరూ అమ్మడానికి లేదు."

"అమ్ముకోలేనిది ఆస్తి ఎలా అవుద్ది?" అన్నాను.

"అమ్మేస్తే తర్వాత ఏం ఉంటుంది?" అని ఆవిడ ఎదురడిగింది. వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగింది. కంకిపాడు చుట్టూ పొలాల్లో పాతిన ప్లాట్ల రాళ్ళు నా కళ్ళ ముందు కదిలాయి. గట్టు కోసం కోర్టుకెక్కిన నా సొంత తమ్ముళ్ళూ గుర్తొచ్చారు.

ఆ పై రోజు పొద్దున్నే నేనొక్కదాన్నే పెరట్లోకి వెళ్ళాను. తోపులో ఎక్కడ చూసినా రాలిన కాయలే. కొన్ని మొలకెత్తాయి కూడా. ఇంత వృథానా అని ప్రాణం ఉసూరుమంది. తోపు మొదట్లో ఒక గుంజకి లేత కొబ్బరాకు అల్లి కట్టి ఉంది. మన పెళ్ళిపందిట్లో కట్టే ఆకు తోరణమే అది. ఈమధ్య ఎవరిదో పెళ్ళయినట్టుంది అనుకుని, దాని పక్కనుంచే వెళ్ళి అప్పుడే రాలిన కాయ ఒకటి తెచ్చాను. అందరికీ కొబ్బరి పచ్చడి తినిపిద్దామని ఒలిచి, కొట్టి, నా ఎండుమిర్చీ చింతపండూ వేసి నూరాను.

ఎస్తేరమ్మ వంటింట్లోకి వచ్చి చిప్పలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనకే వచ్చిన రూతు మొహం పాలిపోయింది.

"అమ్మమ్మా, కాయ బాగా ముదరాలని ఆ తోపు మూసేశారు. చర్చిలో ప్రార్థన చేసి కట్టారు ఆ ఆకు. మళ్ళీ ప్రార్థన చేసి విప్పేదాకా ఊళ్ళో ఎవరూ కాయ ముట్టుకోరు."

"నేను కొయ్యలేదుగా. కింద పడిందే తెచ్చాను."

"కింద పడింది కూడా ముట్టుకోరు. ఇల్లు చూడ్డానికొచ్చి దొంగతనం చేశామంటే ఇక వాళ్ళు ఒప్పుకుంటారా?" అని ఏడుపు ఆపుకుని, ఆ చిప్పలు పొయ్యిలో పెట్టబోయింది. "ఎవరూ చూడలేదు మామా" అని ఎస్తేరమ్మని బతిమాలింది. అక్కడ తల్లిని అలాగే పిలుస్తారు.

ఎస్తేరమ్మ చిప్పలు లాక్కుంది. "చూడనప్పుడు తెచ్చుకునేటట్టయితే ఆకు కట్టడం దేనికి?" అంది. ఆ చిప్పలు గుడ్డలో పెట్టుకుని, తోపులకి కాపలా చూసే పెద్దాయన ఇంటికి బయల్దేరింది. నేనూ రూతూ వెంట నడిచాం. ఆయన చిప్పలు చూసి ఏదో అడిగాడు. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పింది.

"ఏమంటోందే?" అన్నాను.

"మా ఇంటి తప్పు, చెప్పాల్సింది నేను, చెప్పలేదు అంటోంది."

"కాదండీ! తెచ్చింది నేను. ఆవిడకి తెలియదు" అని తెలుగులోనే గట్టిగా అన్నాను. పెద్దాయనకి రూతు చెప్పకముందే అర్థమైంది.

ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చెప్పుకోవాలి, మర్నాడు పొద్దున చర్చి ఆవరణ ఊడవాలి, అన్నాడు. తప్పు ఎవరిదైతే వాళ్ళు. పచ్చడి ఎవరూ ముట్టుకోలేదు. ఎస్తేరమ్మ దాన్ని పెరట్లో పాతిపెడుతుంటే చింతపండు తలుచుకుని మొహం తిప్పుకున్నాను.

ఆదివారం చర్చిలో నా పేరు పిలవగానే లేచాను. ఇన్నేళ్ళుగా మా సంఘంలో ఇంకొకరి తప్పులు ఎత్తిచూపడమే గాని నా తప్పుకి నిలబడింది లేదు. కాయ తెచ్చింది నేనేనని చెప్పుకున్నాను, రూతు వాళ్ళ భాషలో చెప్పింది. ఎస్తేరమ్మ కూడా లేచి నా పక్కన నిలబడింది. లేవమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తర్వాత బయట అందరూ వచ్చి చెయ్యి కలిపారు. ఆ సంగతి మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

ఆ లంకకి వెళ్ళదలిచినవాళ్ళు చిల్లర నోట్లు ఉంచుకోండి, పడవవాడి దగ్గర ఉండదు. చింతపండు తీసుకెళ్ళండి. కొబ్బరాకు కట్టి ఉంటే ఆగి అడగండి. కొలత లేకపోయినా ఆ ఊరి భూమికి యజమానులున్నారు, వాళ్ళు ఒకరినొకరు నమ్ముకుని బతుకుతున్నారు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినదాన్ని, అంతకన్నా చూడాల్సింది నాకు కనిపించలేదు.

సోమవారం తెల్లారగానే చీపురు పట్టుకుని చర్చికి వెళ్ళాను. ఎస్తేరమ్మ రెండో చీపురుతో అప్పటికే అక్కడుంది. నేను తూర్పు వైపు, ఆవిడ పడమటి వైపు ఊడ్చుకుంటూ వచ్చి మధ్యలో ఆకులు ఒకటే కుప్ప చేశాం. ఏడింటికి పడవ నిండింది. రూతు సంచీలు పెట్టి నన్ను చూస్తూ కూర్చుంది. నేను గట్టు మీదే ఆగి, "వెళ్ళొస్తాను వదినగారూ" అన్నాను.

ఎస్తేరమ్మకి ఆ మాట తెలియదు. రూతు పడవ దిగి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది.