ఎదుటివాళ్ళ పద్యం

స్టేజీ మీద నేను పద్యం మరిచిపోయానని ఎవరైనా అంటే అబద్ధమని మొహం మీదే చెప్పేదాన్ని. ఒక్కసారి జరిగినదాని గురించి మాత్రం అలా చెప్పలేను.

డెబ్బైల్లో మా చిత్తూరు జిల్లా ఊళ్ళలో పద్యనాటకాలకు మగవేషాలు ఊరి రైతులూ, షావుకార్లే కట్టేవారు. ఆడవేషానికి మాత్రం తిరుపతి నుంచి నన్ను పిలిపించుకునేవారు. కలిసి ఒక్క రిహార్సలు కూడా ఉండేది కాదు. రంగు పూసుకునేటప్పుడే రాజెవరో రాణికి తెలిసేది. అందుకే హార్మోనియం వాయించే మా నాయన నాటకంలో అందరి పద్యాలూ నాకు నేర్పాడు.

"నీది నువ్వు నేర్సుకుంటే సగమే పాపా. ఎదుటోడు నిలబడిపోతే నువ్వూ నిలబడిపోతావు," అనేవాడు.

వడమాలపేటలో రాజు వేషం కట్టే వేరుశనక్కాయల వ్యాపారికి గొంతు బంగారం, జ్ఞాపకం సున్నా. మూడో పద్యం దగ్గర ప్రతిసారీ కళ్ళు తేలేసేవాడు. నేను అలిగినట్టు ఆయన చుట్టూ తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదటి పాదం అందించేదాన్ని. ఆయన ఎత్తుకునేవాడు. జనం వన్స్ మోర్ అనేవారు. చప్పట్లన్నీ ఆయనకే. నాకు ఒళ్ళు మండేది.

మద్రాసుకు పోయి సినిమాల్లో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. షూటింగులో హీరో తడుముకుంటే టక్కున మాట అందించాను. డైరెక్టరు కట్ చెప్పి, "ఇది నాటకం కాదమ్మా, మీ డైలాగు మీరు చూసుకోండి," అన్నాడు. అలాగే చూసుకున్నాను. పదేళ్ళు అక్కలూ, వదినలూ, అత్తలూ వేసి పేరు తెచ్చుకున్నాను.

తిరుపతిలో మాత్రం, సినిమాకు పోయినామెకు ఇంక స్టేజీ చేతకాదనే మాట పుట్టింది. విని ఊరుకునే మనిషిని కాను. శ్రీకాళహస్తిలో నాటకం ఒప్పుకుని, రాజుగా ఆ వ్యాపారినే పిలవమన్నాను. దాచడమెందుకు, ఆయన నిలబడిపోతే నేను అందించడం అందరూ చూడాలని.

ఆయన మూడో పద్యం తడబడకుండా పాడేశాడు. తర్వాతిది నాది. నాయన నా శ్రుతి రెండుసార్లు వాయించి తలెత్తి చూశాడు. నా నోట్లో ఒక్క అక్షరం లేదు. చేతకాదన్నవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు. భయం వేసింది.

రాజు నా చుట్టూ తిరిగాడు. బతిమాలుతున్నట్టు వంగి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, నా పద్యం మొదటి పాదం చెవిలో అన్నాడు. ఎత్తుకున్నాను. వన్స్ మోర్ అన్నారు. రెండోసారి ఇంకా పైశ్రుతిలో పాడాను.

తెర పడ్డాక, "నా పద్యం యాడ నేర్సుకున్నావన్నా?" అని అడిగాను.

"నువ్వు మద్రాసుకు పోయినాక నాకు అందించేవాళ్ళు లేకపోయిరి గదమ్మా. నాటకమంతా నేర్సుకున్నా."

ఆ రోజు చప్పట్లన్నీ నాకే వచ్చాయి. ఆయనకు ఒళ్ళు మండలేదు. నాకే సిగ్గేసింది.