నాలుగోసారి ఓడెక్కినప్పుడు

నాకు మాట్లాడడం వచ్చు, రాయడం అంతగా రాదు. బడిలో మూడో తరగతి దాటలేదు. ఓడ గురించి అడగడానికి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే చెప్పి నోరు అలిసిపోయింది. ఒకసారి కాగితం మీద పెట్టేస్తే ఎవరికి కావాలంటే వాళ్ళు చదువుకుంటారని కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మాది పుంగనూరు. మదనపల్లెలో పరుపులు కుట్టే అంగడి ఉండేది. ఆ రోజుల్లో హజ్‌కు వెళ్ళాలంటే బొంబాయి నుంచి జిద్దా దాకా ఓడలోనే. విమానం ఉన్నా మాలాంటివాళ్ళకు అందేది కాదు. నేను నాలుగుసార్లు ఆ ఓడ ఎక్కాను. అలాగని నన్ను కలిగినవాడు అనుకోవద్దు. మొదటిసారి మా నాయనకు తోడుగా వెళ్ళి, ఆయనతోపాటే నా హజ్ కూడా చేసుకున్నాను. మాలో ఒక పద్ధతి ఉంది. హజ్ చేయాలని ఆశపడి, చేయకుండానే కన్నుమూసిన మనిషి తరఫున ఇంకొకరు వెళ్ళి చేయవచ్చు. దాన్ని బదల్ హజ్ అంటారు. వెళ్ళేవాడు అంతకుముందే తన హజ్ చేసుకుని ఉండాలి. దారి తెలిసినవాడైతే ఇంకా మేలు. ఖర్చంతా చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళే పెట్టుకుంటారు. అలా రెండోసారి మదనపల్లెలోని ఒక బియ్యం వ్యాపారి తల్లి కోసం, మూడోసారి కుప్పంలో చనిపోయిన ఒక పెద్దమనిషి కోసం వెళ్ళాను. మధ్యలో ఏళ్ళు గడిచాయి. నడుము వంగింది.

జనం ఓడ అనగానే కళ్ళు పెద్దవి చేసుకుంటారు. "సముద్రం సూస్తా పోతారు కదన్నా, ఎంత బాగుంటాదో!" అంటారు. మొదటి రోజు బాగుంటుంది. రెండో రోజు కూడా నీళ్ళే. మూడో రోజు ఆ నీళ్ళను చూస్తే కోపం వస్తుంది. మేము ఉండేది పైన గాలి తగిలే గదుల్లో కాదు. కింద, ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు వేసిన పెద్ద హాల్లో. అందరి ఊపిరీ అందరికీ తగులుతుంది. ఇంజను నూనె వాసన, తడిబట్టల వాసన, వాంతుల వాసన, వాటన్నిటి మీదా అత్తరు వాసన. పైగదుల్లోవాళ్ళు మనకంటే సుఖంగా ఉంటారని కుళ్ళుకోవద్దు. వాంతులు వాళ్ళకూ అవుతాయి, తలుపు వేసుకుని చేసుకుంటారు, అంతే.

కింది మంచమే పట్టుకోండి. పైమంచం మీద గాలి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, రాత్రి ఓడ ఒరిగితే తెలుస్తుంది. మెట్ల పక్కన, మరుగుదొడ్ల పక్కన చోటు తీసుకోవద్దు. పాత చెప్పులే తొడుక్కోండి. నిమ్మకాయలు తెచ్చుకోండి, కానీ చప్పరించడానికి, వాసన చూడడానికి కాదు. బొరుగులు తెచ్చుకోండి. రాగిపిండి ఒక డబ్బా తెచ్చుకోండి, ఎందుకంటే ఓడలో పెట్టే అన్నం మన నోటికి పట్టదు, వంటవాణ్ణి బతిమాలి వేడినీళ్ళు తెచ్చుకుంటే అంబలి కలుపుకోవచ్చు. స్నానానికి ఉప్పునీళ్ళు వస్తాయి, సబ్బు నురగ రాదు, వంటవాడి మీద అరిచినట్టు ఆ కొళాయి మీద అరవవద్దు. అన్నిటికంటే ముఖ్యం, సామాను తక్కువ పెట్టుకోండి. బొంబాయిలో రైలు దిగిన దగ్గరనుంచి ఓడ మెట్లు ఎక్కేదాకా ఆ పెట్టెను మోసేది మీరే.

ఈ మాటలన్నీ మా ఇంటి వసారాలో ఎంతమందికి చెప్పానో. నేను చెబుతుంటే మా ఆవిడ టీ గ్లాసులు అందిస్తూ వినేది. ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, "ఓడలో ఎవురన్నా సచ్చిపోతే ఏం చేస్తారు?" అంది. "ఏం చేస్తారు, స్నానం చేయించి, గుడ్డ చుట్టి, నమాజు చదివి, పలక మీంచి నీళ్ళలోకి జారుస్తారు" అన్నాను. "మరి మన్ను?" అంది. మాలో పూడ్చేటప్పుడు ప్రతివాడూ మూడు పిడికిళ్ళ మన్ను వేయాలి. వేయకుండా వెనక్కి వస్తే చనిపోయినవాళ్ళకు బాకీ పడ్డట్టే అనుకుంటారు మా ఊళ్ళో. "నడి సముద్రంలో మన్ను యాడినుంచి వస్తాదే పిచ్చిదానా" అని నవ్వాను. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

నాలుగోసారి వెళ్ళింది ఆమె కోసమే. ఆడమనిషి ఒంటరిగా పోవడానికి లేదు, భర్తో కొడుకో అన్నో తోడుండాలి. ఆమెకు నేనే దిక్కు. హజ్ నెల ఏటికేడు వెనక్కి జరుగుతూ వస్తుంది కదా. మా నాయనతో వెళ్ళినప్పుడు చలికాలం, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉండింది. ఈసారికి, ఎనభైల నడుమ, ప్రయాణం సరిగ్గా వానాకాలంలో పడింది. నాకు లోపల భయంగానే ఉంది. ఆమెతో అనలేదు.

పుంగనూరులో బస్సెక్కించేటప్పుడే పెట్టె బరువు తెలిసింది. ఊరంతటికీ సామాను తక్కువ పెట్టుకోమని చెప్పే నేను, సొంత పెళ్ళాం పెట్టెను ఎత్తలేక బస్సు పక్కన వగరుస్తూ నిలబడ్డాను.

"ఏమ్మే, బండరాళ్ళు పెట్టినావా దీంట్లో?"

"రాగిపిండి. నువ్వే కదా అందరికీ చెప్తావు తీసుకోమని."

"ఓడంతటికీ సంగటి కెలికి పెడతావా ఏంది?"

"గమ్మున మొయ్యప్పా" అంది.

గుంతకల్లులో రైలు మారేటప్పుడు మోశాను. బొంబాయి స్టేషన్‌లో మోశాను. యాత్రికుల సత్రంలో మూడంతస్తులు మోశాను. నడుముకు తువ్వాలు బిగించుకుని మోశాను.

ఆ సత్రంలోనే కుప్పం నుంచి వచ్చిన ఒక ముసలాయన కలిశాడు. పట్టుగూళ్ళ వ్యాపారం చేసి విరమించినవాడు. భర్త పోయిన కూతురితో కలిసి వచ్చాడు. ఛాతీలో పిల్లి కూసినట్టు ఊపిరి, అయినా నోరు ఊరకుండదు. నేను నాలుగోసారని తెలిసి, "ఏమప్పా, ఓడోళ్ళు నీకు జీతమిస్తాండారా ఏంది?" అన్నాడు. ఇంకోసారి నా పెట్టె చూసి, "మీ ఇల్లు గూడా తెచ్చుకున్నారా? మక్కాలో అద్దెకిస్తారా?" అన్నాడు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తండ్రీకూతుళ్ళ మంచాలు ఓడలోనూ మా పక్కనే పడ్డాయి. ఆ కూతురూ మా ఆవిడా అక్కాచెల్లెళ్ళలా కలిసిపోయారు.

ఓడ బొంబాయి దాటి లోపలికి పోగానే అలలు మొదలయ్యాయి. ఇంతకుముందు చూసిన సముద్రం కాదు అది. మంచాలు కిర్రుమనేవి, పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకు జారేవి. మా ఆవిడ పడుకున్నది పడుకున్నట్టే ఉంది. నీళ్ళు తాగినా వాంతి. నా నిమ్మకాయలు, నా బొరుగులు, దూరంగా ఆకాశం అంచు చూడమని నేను అందరికీ చెప్పే సలహా, ఏదీ పనిచేయలేదు. ఓడ డాక్టరు మాత్రలు ఇచ్చాడు. అవీ బయటికి వచ్చాయి. "ఏదో ఒకటి కడుపులో నిలవాలి" అని చెప్పి పోయాడు. ఆమె కళ్ళ కింద నలుపు దిగింది. పెదాలు పగిలాయి.

అంబలి అయినా పోద్దామని వంటవాడి దగ్గర వేడినీళ్ళకు చెప్పి వచ్చి, పెట్టె తెరిచి రాగిపిండి మూట బయటికి లాగాను. మూతి విప్పితే ఎర్రమన్ను.

చేత్తో తీసి చూశాను. రాళ్ళు ఏరి, జల్లెడ పట్టి, ఆరబెట్టిన మన్ను.

"ఏమ్మే ఇది?"

కళ్ళు తెరవకుండానే, "మెల్లగా మాట్లాడు. జనం వింటారు" అంది.

"రాగిపిండంటివే!"

"రాగిపిండి గూడా ఉండాది. పక్కన, సిన్న డబ్బాలో."

"మన్ను యాలమ్మే మోపిస్తివి నా చేత? పుంగనూరు నుంచి!"

అప్పుడు కళ్ళు తెరిచింది. "నువ్వే కదా చెప్తివి, నడి సముద్రంలో మన్ను యాడుంటాదని. అది మాయమ్మను పెట్టిన గోరీలదొడ్డి మన్ను. నన్ను నీళ్ళలో ఎయ్యాల్సొస్తే నువ్వు మూడు పిడికిళ్ళు ఎయ్యి. మిగతాది నా గుడ్డలోనే కట్టు. మాయమ్మ పక్కన పండుకున్నట్టే అనుకుంటా. సేస్తావా సెయ్యవా, అది సెప్పు."

"నీకేం కాదే."

"అది గాదు నేనడిగింది. సేస్తావా?"

"సేస్తా" అన్నాను. అన్ని ఊళ్ళు తిరిగి ఆ పెట్టెను తిట్టుకుంటూ మోసిన భుజం అప్పుడు నొప్పి పెట్టింది. ఆ మాట ఇప్పించుకున్నాక ఆమె గోడవైపు తిరిగింది. నేను చిన్న డబ్బాలోని పిండితో అంబలి కలిపి తెచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు తోసేసింది. బతకడానికి చేయాల్సిన పని కంటే ఆ మూట మీదే ఆమె ఎక్కువ ఆశ పెట్టుకున్నట్టు అనిపించింది నాకు.

ఆ మరునాడు పొద్దున కుప్పం ముసలాయన తెల్లవారి నమాజుకు లేవలేదు. కూతురు భుజం పట్టి కదిపింది. ఊపిరి చప్పుడు లేదు. ఎప్పుడు పోయాడో పక్క మంచంలో ఉన్న నాకే తెలియలేదు.

జిద్దా ఇంకా చాలా దూరం ఉంది. ఓడలో ఉంచడానికి వీలు లేదన్నారు. అలలు కొంచెం తగ్గాక సాయంత్రం నమాజు అయ్యేసరికి స్నానం చేయించి, గుడ్డ చుట్టి, కాళ్ళ దగ్గర ఇనుప బరువు కట్టి పైకి తెచ్చారు. హజ్ దారిలో పోయినవాడు అదృష్టవంతుడని ఓడలో మాకు నమాజు చదివించే మౌల్సాబు చెబుతున్నాడు. అది మేమందరం నమ్మే మాటే. ఆ కూతురు కూడా నమ్మింది. తల ఊపుతూనే ఉంది. ఆడవాళ్ళు వెనక మెట్ల దగ్గర గుంపుగా నిలబడ్డారు. మా ఆవిడ నా మాట వినకుండా, చేతికందింది పట్టుకుంటూ పైదాకా వచ్చి ఆ పిల్ల పక్కన కూలబడింది.

ఓడ ఇంజను నెమ్మది చేశారు. పలకను కమ్మీల మీదికి ఎత్తుతుండగా ఆ కూతురు ఉన్నట్టుండి అరిచింది.

"నాయనా! పిడికెడు మన్ను గూడా ఎయ్యలేకపాయనే నేను! వట్టి చేతులతో పంపిస్తాండానే!"

పలక పట్టుకున్నవాళ్ళు ఆగిపోయారు. నేను తల తిప్పి మా ఆవిడ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. నాకు ఆ చూపు అర్థమైంది. అర్థం కానట్టు ముఖం తిప్పుకున్నాను. ఆమె వదలలేదు.

"ఇదో, నిన్నే. పోయి మూట తీసకరాపో."

దగ్గరికి వెళ్ళి, "అది నీది కదే" అన్నాను మెల్లగా.

"నేనింగా కూసోనుండాను కదా. ఆయప్ప పోతాండాడు. పో."

కిందికి దిగి మూట తెచ్చాను. ఈసారి బరువు తెలియలేదు. మౌల్సాబు మూట విప్పి చూసి, ఎక్కడిదని అడిగాడు. పుంగనూరు గోరీలదొడ్డిది అన్నాను. ఆయన "ఎక్కడిదైనా మన్నే కదా, వేయండి" అన్నాడు. కొంత మన్ను గుడ్డలో పోసి ముసలాయన ఛాతీ మీద కట్టాం. పలక వంచి ఆయన్ను జార్చాక, కమ్మీల దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి మూడేసి పిడికిళ్ళు నీళ్ళలోకి వదిలారు. గాలికి కొంత మన్ను మా బట్టల మీదికే తిరిగి వచ్చింది. ఎవరూ దులుపుకోలేదు. ఆ ఓడలో మలబారు వాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళున్నారు, భాష తెలియనివాళ్ళున్నారు. అందరూ వరుసలో నిలబడ్డారు. ఆఖరున మూటలో మిగిలిన దాన్ని ఆ కూతురి చేతికి ఇచ్చాం. మూట దులిపి ఖాళీ చేసింది.

ఇంజను మళ్ళీ వేగం పుంజుకుంది. నేను వచ్చి మా ఆవిడ పక్కన కూర్చున్నాను. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, నుదుటి మీద చెమట. ఆమెకేమైనా అయితే ఇప్పుడు నా దగ్గర ఇచ్చిన మాట తప్ప ఏమీ లేదు. అది అడగకూడదని అనుకుంటూనే అడిగేశాను.

"మరి నీకు?"

ఆమె నీళ్ళవైపు చూసింది. నడి సముద్రాన్ని మొదటిసారి చూడడం, అంతవరకూ కింద మంచంలోనే ఉంది కదా.

"నాకింగ సచ్చేదానికి లేదులే" అంది. "మన్ను అయిపాయె. జిద్దాలో నేల మీద కాలు పెట్టేదంక బతకాల్సిందే." నా వైపు తిరిగి, "ఆ ఓడోళ్ళ అన్నం పెడతాండారా ఇంగా?" అని అడిగింది.

"పెడతాండారు. నీకు సరిపడదు. అంబలి తెస్తా."

"అంబలి జారిపోతాది. అన్నమే తీసకరా. శానా తీసకరా."

పళ్ళెం తెచ్చి పట్టుకున్నాను. ఓడ ఊగుతోంది, నేను కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. ఆమె కళ్ళు మూసుకుని, ముక్కు మూసుకుని, ఒక ముద్ద మింగింది. అది బయటికి వచ్చింది. నోరు కడుక్కుని, "ఇంగోటి" అని చేయి చాపింది.