సీరియల్లో లేని జాకెట్టు

పన్నెండేళ్ల వయసులో నేను మా పెనుగొండ బజారులోకెల్లా గొప్ప మాటకారి నోరు మూయించాను. దుకాణాల వాళ్లూ, బేరగాళ్లూ, ఊరి పెద్దమనుషులూ ఎవరివల్లా కాని పని అది. అంత చిన్న వయసులో అంత పెద్ద తప్పుడు బేరం చేసిన పిల్ల మా వీధి మొత్తం మీద ఇంకొకతె లేదని ఇవాళ్టికీ గొప్పగానే చెప్పుకోగలను. మొన్న రాజమండ్రిలో, మా అపార్ట్‌మెంటు కింద కొత్తగా తెరిచిన ఆల్టరేషన్ కొట్లోకి అడుగు పెట్టగానే కుట్టుమిషన్ నూనె వాసన, ఇస్త్రీపెట్టె కింద కాలే తడిబట్ట ఆవిరితో కలిసి ముక్కుకి తగిలేసరికి ఆ బేరం మళ్లీ కళ్లముందుకొచ్చింది. అప్పుడు నా చేతిలో ఫోను, ఫోన్లో మా చుట్టాల గ్రూపు, గ్రూపులో ఆదివారం అందరూ చూసిన కొత్త సినిమా మీద అభిప్రాయాలు ఉన్నాయి. అభిప్రాయాలంటే ఏం లేదు, వరసగా బొటనవేళ్లు. మా రోజుల్లో సంతకం రాక బొటనవేలు పెట్టేవాళ్లని నిశానీ వాళ్లనేవారు. ఇప్పుడు డిగ్రీలు చదివినవాళ్లు కూడా అదే వేలు పెట్టి సినిమా చూశామంటున్నారు.

మాది బట్టల కొట్టు. నూలు చీరలు, లంగా గుడ్డలు, తువ్వాళ్లు, జాకెట్టు ముక్కలు. బీరువాల్లోంచి వచ్చే గంజి వాసనలో పుట్టి, మీటరుబద్ద టకటకల మధ్య పెరిగినదాన్ని. మా నాన్న నాకు అక్షరాల కంటే ముందు నేర్పిన సూత్రం ఒక్కటే: కొనేటప్పుడు 'బాగుంది' అనకూడదు. అన్నావో, అవతలివాడు ధర దించడు. గుడ్డ చేతిలోకి తీసుకుని, నలిపి, వెలుతురుకి పట్టి, మొహం చిట్లించి, ఏదో ఒక వంక పెట్టాకే ధర అడగాలి. ఈ సూత్రం మాకు ఎంత ఒంటబట్టిందంటే సినిమాలక్కూడా అలాగే వంక పెట్టేవాళ్లం. మాట్నీ చూసొచ్చి నాన్న చెమట తుడుచుకుంటూ "గంజెక్కువ, నేత తక్కువ" అంటే ఆ సినిమా పని అయిపోయినట్టే. అమ్మ "ఇంటర్వెల్ దాకా పట్టు, తరవాతంతా నూలు" అనేది. ముక్కుపొడుం పట్టించి, తుమ్మొచ్చేదాకా కళ్లు మూసుకుని, తుమ్మాక తీర్పు చెప్పే మా నాయనమ్మ, ఎంత పెద్ద హీరో సినిమా అయినా "పన్నా చాల్లేదే" అని తేల్చేసేది. పన్నా అంటే గుడ్డ వెడల్పు; ఆవిడ మనసు నిండా కప్పే సినిమా నాకు తెలిసి ఎవరూ తియ్యలేదు. మా ఇంట్లో ఎవరూ ఏ సినిమానీ మెచ్చుకోగా నేను వినలేదు. అలా మెచ్చుకోకపోవడమే తెలివి అనుకునేదాన్ని.

మధ్యాహ్నం రెండయ్యేసరికి బజారు మీద నిద్ర వాలేది. పల్లెల నుంచి వచ్చిన బేరాలు భోజనాలకి వెళ్లిపోయేవి, గుడి వైపు రిక్షాలు నీడల్లోకి చేరేవి, కొట్లకి సగం తెరలు దిగేవి. అప్పుడు ఆ వరసలో ఆడవాళ్లంతా మా కొట్టు అరుగు మీదకి చేరేవారు. ఎండాకాలమైతే ముంజెలు, తరిగిన మామిడికాయ ముక్కల మీద ఉప్పూకారం. వానాకాలమైతే వేడివేడి బఠాణీలు. చలికాలం వస్తే తంపటేసిన తేగలు, వాటిని చీల్చితే మధ్యలో ఉండే లేత చందమామ ఎవరికి రావాలనే దెబ్బలాట. అరుగు చివర, స్తంభానికి ఆనుకుని, కరుణమ్మగారి కుట్టుమిషన్ ఉండేది. కరుణమ్మగారు చర్చి సందులో ఉండే లూథరన్ల ఆవిడ. పెనిమిటి పోయాక జాకెట్లు కుట్టుకుని బతికేది. మా కొట్లో ముక్క కొన్నవాళ్లు అక్కడే కొలతలిచ్చి పోతారని నాన్న ఆవిడకి అరుగు ఇచ్చాడు. క్రిస్మస్‌కి గులాబీపువ్వులనే పిండివంట చేసి, అందరిళ్లకీ పంచేది. తిన్నవాళ్లు తిన్నారు, గిన్నె అలాగే తిప్పి పంపినవాళ్లు పంపారు.

రెండింటికి అందరూ అక్కడికి చేరేది తేగల కోసం కాదు, ఏడున్నర సీరియల్ కోసం. సాయంత్రం ఏడున్నర అంటే మా బజారులో బేరాలు మంచి జోరుమీదుండే వేళ. ఆడవాళ్లంతా గల్లాపెట్టెల దగ్గరా, తూకాల దగ్గరా ఉండేవారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేసేవారు గానీ సరిగ్గా ఆ వేళకే మాకు కరెంటు కోత. అందుకని నిన్న ఏం జరిగిందో కరుణమ్మగారు చెప్పాలి. తొక్కుడు ఆపకుండా, గుడ్డ మీంచి కళ్లు తియ్యకుండా చెప్పేది. అత్త పాత్ర వచ్చినప్పుడు మిషన్ వేగం పెరిగేది, కోడలు మాట్లాడేటప్పుడు నెమ్మదించేది, ఏదైనా ఘోరం జరగబోయే ముందు పూర్తిగా ఆగేది. ఆ ఆగిన క్షణంలో బఠాణీ నమిలిన చప్పుడు వినిపించినా అందరూ ఆ నమిలిన మనిషిని కొరకొరా చూసేవారు. ఆవిడ చెప్పే కోడలు అత్తకి ఎదురు సమాధానం చెప్పేది. తాళాలు అడిగేది. ఆ కోడలు కట్టిన చీర రంగూ, వేసుకున్న జాకెట్టూ కూడా కరుణమ్మగారు వర్ణించేది: మోచేతి దాకా చేతులు, చేతి అంచుకి పమిట రంగు పట్టీ, వెనక మూడు ముళ్లు. ఎదుటి ఇత్తడి సామాన్ల కొట్టు మహాలక్ష్మత్తయ్య మొదట అలాంటిది కుట్టించుకుంది. తరవాత వరసంతా కుట్టించుకున్నారు. మా కొట్లో జాకెట్టు ముక్కలు అంతకుముందెప్పుడూ అలా కదల్లేదు.

మాది ఒంటిపూట బడి కావడంతో రోజూ అక్కడే ఉండి ఇదంతా చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది. ఎందుకంటే, ఆ బజారు మొత్తం మీద ఏడున్నర సీరియల్ రోజూ కళ్లారా చూసేదాన్ని నేను. మేడమీద హోంవర్క్ ముందేసుకుని, తలుపు దగ్గరకేసి, చప్పుడు తగ్గించి, ఒక్కరోజు తప్పకుండా చూసేదాన్ని. ఆ సీరియల్ ఎంత అధ్వానంగా ఉండేదో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మాటలు తక్కువ, ఉరుములు ఎక్కువ. ఒకరు "అమ్మా" అంటే ఇంట్లో ఉన్న పదిమంది మొహాలూ ఒక్కొక్కటే మూడేసిసార్లు చూపించి, ప్రతి మొహానికీ ఒక పిడుగు వేసేవారు. పాయసంలో విషం కలపడానికి మూడు వారాలు పట్టింది. ఒకసారి నేను ఉండబట్టలేక అరుగు మీద నిన్నటి భాగం చెప్పబోతే మహాలక్ష్మత్తయ్య చెయ్యడ్డం పెట్టింది.

"నువ్వు చూసింది చూసినట్టు చెప్తావే. ఆవిడ చెప్తే చూసినట్టుంటుంది. నువ్వాగు."

ఆ మాట నాకు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. అసలు సరుకు నా దగ్గరుంటే, జనం పక్క కొట్టుకి పోవడమా?

ఆ ఏడు అట్లతద్దికి నా పట్టులంగా మీదకి కరుణమ్మగారు జాకెట్టు కుట్టాలి. తెల్లారితే పండగ, చేతికి గోరింటాకు, ఊయలలు, అట్లపిండీ అన్నీ సిద్ధం, జాకెట్టు మాత్రం లేదు. ఆవిడకి జ్వరమని తెలిసి అమ్మ నన్ను వాళ్లింటికి పంపింది. చర్చి సందులో ఒక్క గది ఇల్లు. మంచం, బల్ల మీద బైబిలు, ఓ పెట్టె, గోడకి దేవుడి వాక్యం ఉన్న క్యాలెండరు. టీవీ లేదు. అటు తిరిగి చూశాను, ఇటు తిరిగి చూశాను, లేదు. ఏడున్నర దాటింది. పక్క వాటాలో ఉండే మాష్టారి టీవీలోంచి గోడ అవతల ఉరుములు వినపడుతున్నాయి. కరుణమ్మగారు దుప్పటి కప్పుకుని, నడుం గోడకి ఆనించి, ఒక చెవి గోడవైపు పెట్టి, నా జాకెట్టుకి హెమ్మింగు చేస్తోంది. నన్ను చూసి నోటిమీద వేలుంచి కూర్చోమంది. ఒక ఉరుము అయ్యాక సూది ఆపి, కళ్లు మూసుకుని, చాలాసేపు తనలో తను నవ్వుకుంది. గోడ అవతల ఎవరో ఏడుస్తున్నారు.

ఆవిడ ఆ సీరియల్ ఎప్పుడూ చూడలేదు. ఆ కోడలు మొహం కూడా ఆవిడకి తెలియదు.

కొత్త గుడ్డలో చిరుగు పట్టుకున్న బేరగత్తెకి ఎంత సంతోషమో నాకు ఆ క్షణం అంత సంతోషం కలిగింది. జాకెట్టు తీసుకుని ఇంటికి పరిగెత్తాను. పండగరోజు తెల్లవారుజామున చద్దన్నం తిన్నాను, ఊయల ఊగాను, చీకటి పడ్డాక అట్లు తిన్నాను, అన్నీ చేశాను గానీ మనసంతా ఆ మర్నాటి మధ్యాహ్నం రెండు గంటల మీదే ఉంది.

ఆ మర్నాడు జ్వరం తగ్గి కరుణమ్మగారు వచ్చింది. మిగిలిన అట్లు బెల్లప్పాకంలో ముంచుకుని తింటూ అందరూ చుట్టూ చేరారు. ఆవిడ మిషన్ తొక్కుతూ మొదలుపెట్టింది. నిన్న కోడలు తాళాలగుత్తి తెచ్చి అత్త ముందు బల్లమీద పెట్టిందిట, పెట్టె చేతపట్టుకుందిట, ఇంటిల్లిపాదీ చూస్తుండగా గుమ్మం దాటిందిట. మిషన్ ఆగింది.

"అబద్ధం," అన్నాను నేను. "నిన్న ఆవిడ గుమ్మం దాటలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మూడు ముళ్ల జాకెట్టు ఎప్పుడూ వేసుకోలేదు, ఆవిడవన్నీ పొట్టిచేతులే. కరుణమ్మగారింట్లో అసలు టీవీయే లేదు."

అట్టు తుంచుతున్న చేతులు ఆగిపోయాయి. మహాలక్ష్మత్తయ్య తన మోచేతి దాకా ఉన్న జాకెట్టు చెయ్యి ఓసారి చూసుకుంది.

"ఏంటి కరుణమ్మా, పిల్ల చెప్పేది నిజమేనా?"

"నిజమేనండి. చూళ్లేదు. గోడకానుకుని విన్నానండి."

"మరి ఈ జాకెట్టు ఎవరిది?"

"నాదేనండి," అంది కరుణమ్మగారు.

ఆ మాటలో కొంచెం గర్వం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు అదీ నేరం ఒప్పుకోవడంలాగే వినపడింది. మహాలక్ష్మత్తయ్యకి ఇంకోలా వినపడింది. సీరియల్లో కోడలిదంటే కుట్టించుకున్నాను గానీ నీదని తెలిస్తే నేనెందుకు వేసుకుంటానంది. ఆ 'నీది' అన్న మాట ఎంత దూరం పెట్టి అందో అక్కడున్న అందరికీ తెలుసు. గులాబీపువ్వుల గిన్నె తిప్పి పంపిన చెయ్యే అది. విప్పదీసి మామూలుగా కుట్టివ్వమంది. ఒకరు అన్నాక మిగతావాళ్లూ అన్నారు.  కరుణమ్మగారు నావైపు తిరిగింది.

"అసలుది బాగోలేదు అమ్మలూ. వదులుగా ఉంది. కాస్త కుట్లేశాను, అంతే."

పదకొండు జాకెట్లు వచ్చాయి. నాలుగు రోజులపాటు బ్లేడు పెట్టి తను వేసిన కుట్లు తనే విప్పింది. ముళ్లు తీసి, చేతులు కత్తిరించి, పట్టీలు ఊడదీసింది. నాన్న నాకు గోలీసోడా ఇప్పించి, కల్తీ పట్టుకుంది నా కూతురని పక్క కొట్లకి చెప్పుకున్నాడు. అమ్మ మాత్రం నా జడ వేస్తూ, "బేరం నెగ్గడం గొప్ప కాదే, ఆ మనిషి మళ్లీ మన గుమ్మం ఎక్కాలి" అంది. అయిదో రోజు కరుణమ్మగారు మిషన్ రిక్షాలో వేయించుకుని పాలకొల్లులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. రిక్షా మా కొట్టు ముందునుంచే వెళ్లింది. అరుగు మీద ఉన్నవాళ్లంతా ఆ కాసేపు ఏదో ఒక పనిలో పడ్డారు.

ఆ రోజు నుంచి రెండింటికి కథ చెప్పే పీఠం నాదే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏడ్చింది, ఉరిమింది, మళ్లీ ఏడ్చింది. మూడో రోజుకి ఆవలింతలు. వారానికి అత్త పక్షమని ఒకరు, కోడలి పక్షమని ఇంకొకరు విడిపోయారు. కథలో పస లేదు కాబట్టి ఒకళ్ల ఇళ్లలో కథలు ఒకళ్లు తీశారు; నీ కోడల్ని నువ్వు పెట్టే బాధ తక్కువా అన్న మాటదాకా వెళ్లింది. సంక్రాంతి లోపలే మహాలక్ష్మత్తయ్య గల్లాపెట్టె పక్కనే చిన్న టీవీ పెట్టించుకుంది. దాన్ని చూసి మిగతావాళ్లూ పెట్టించుకున్నారు. మా అరుగు ఖాళీ అయింది. నేను ఒక్కదాన్నే కూర్చుని గవ్వలాడుకునేదాన్ని, అదీ ఒక చేత్తో వేసి ఇంకో చేత్తో ఓడిపోతూ.

నా పెళ్లి కుదిరాక పట్టుబట్టి పాలకొల్లు వెళ్లాను, పెళ్లి జాకెట్టు ఆవిడే కుట్టాలని. జుట్టు నెరిసింది గానీ చెయ్యి అదే. "రండి, కూర్చోండి" అంది. 'అమ్మలూ' పోయి 'అండీ' వచ్చింది. గదిలో మూలన టీవీ, దాని మీద అల్లిన గుడ్డ. ఈమధ్య ఏం చూస్తున్నారని అడిగితే ఒక సీరియల్ గురించి చెప్పింది: ఎవరు ఎవరి కూతురు, ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఏ రోజు కథ ఎక్కడ ఆగింది. అన్నీ సరిగ్గా, తేదీలతో సహా. మిషన్ వేగం ఎక్కడా మారలేదు. నేను సిగ్గు విడిచి, ఆ రోజు గుమ్మం దాటిన కోడలు తరవాత ఎక్కడికెళ్లిందని అడిగాను.

"దాటలేదు కదండీ," అంది. "వంటింట్లోనే ఉంది."

తరవాత జాకెట్టు మోడలుకి ఫోటో తెచ్చారా అని అడిగింది. లేదంటే, ఫోటో ఉంటేనే కుడతాననీ, ఫోటోలో ఎలా ఉంటే అలాగే కుడతాననీ చెప్పింది. అలాగే కుట్టింది. వంక పెట్టడానికి ఒక్క కుట్టు దొరకలేదు.

ఇప్పుడా బజారులో మా అరుగు లేదు, షట్టరు ఉంది. రెండింటికి కొట్లు నిద్రపోవడం లేదు. మా అమ్మాయి చెవుల్లో వైర్లు పెట్టుకుని ఏదో చూస్తూ తనలో తను నవ్వుకుంటుంది. ఏంటే అంటే, నువ్వు చూడమ్మా, లింకు పంపిస్తానంటుంది. పెళ్లిళ్లలో కలిసిన నా ఈడువాళ్లు, అప్పట్లో ఎంత బాగా చెప్పుకునేవాళ్లం కదండీ, ఈ ఫోన్లొచ్చి అన్నిటినీ మింగేశాయి అంటే నేనూ అవునవునని తలూపుతాను. తప్పు పోయి ఇంకొకరి ఖాతాలో పడుతుంటే వద్దనే షావుకారు కూతురెవరు? కానీ నిజం చెప్పాలంటే, మా అరుగు మీద కథ ఆగిపోయిన రోజుకి ఆ బజారులో ఒక్క సెల్‌ఫోను కూడా లేదు. ఒక్క మాట నెగ్గడానికి ఒక మనిషి చేత ఆవిడ కుట్లు ఆవిడే విప్పేలా చేశాను, ఊరు దాటించాను, ఇక ఎప్పటికీ ఉన్నది ఉన్నట్టే చెప్పే మనిషిగా మార్చేశాను. ప్రతిఫలంగా నాకు దక్కింది, ఆ సీరియల్లో నిజంగా ఏం జరిగిందో పొల్లుపోకుండా తెలియడం. కావాలంటే ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాను. ఇన్నేళ్లయింది, అడిగినవాళ్లు లేరు.