పొడి దువ్వెన

మా బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. దారం చిక్కుపడితే అందరూ లాగుతారు. బావ మాత్రం ఓ చుక్క నూనె వేసి కాసేపు ఆగుతాడు. కూతురి తలా అలాగే దువ్వుతాడు. బావది మా జాతి కాదు. ఒళ్ళు నలుపు, జుట్టు స్ప్రింగులు. ఉడతకీ అదే రంగు, అదే జుట్టు. ఉడతంటే అక్క కూతురు, అయిదేళ్ళది. సెలవు రోజు పొద్దున్నే బావ దాని తలకి నీళ్ళు చల్లి, నూనె రాసి, కొసల నుంచి పైకి చిక్కులు తీస్తూ రెండు గంటలు కూర్చుంటాడు. అది అతని మోకాళ్ళ మధ్యే నిద్రపోతుంది.

అక్క పోయి ఏడాదైంది. పిల్లని తనకిమ్మని అమ్మ కోర్టుకెక్కింది. "వాళ్ళలో పెరిగితే రేపు మన పిల్ల అనిపించుకుంటుందటే?" అంటుంది. నేను ఎనిమిదిలో బడి మానేసి, ఇంట్లోనే అమ్మతో కలిసి చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. నన్నెవరూ ఏమీ అడగరు. నాకూ అదే హాయి.

పోయినవారం కోర్టు పంపిన మేడం బావ ఇల్లు చూడటానికి వచ్చారు. నన్ను వెంటబెట్టుకుని అమ్మా వచ్చింది. ఒకటే గది. ఓ మూల విప్పిపెట్టిన మిషను, ఇంకో మూల ఉడత మంచం. బావ చేతుల గ్రీజు చూసి అమ్మ మూతి తిప్పింది.

"ఎంత కడిగినా అంతేలెండి."

"కడిగితే పోయేది గ్రీజే అత్తయ్యా. మిగతాది మా అమ్మ ఇచ్చింది" అని బావ నవ్వాడు.

మేడం నవ్వలేదు. ఫైల్లోంచి ఓ ఫొటో తీశారు. అందులో ఉడత జుట్టు పిచ్చుక గూడులా లేచి ఉంది. కళ్ళు ఏడ్చి ఎర్రబడ్డాయి.

"తండ్రికి పిల్ల తల దువ్వే తీరికే లేదని ఇది పెట్టారు. ఏమంటారు?"

ఆ ఫొటో తీసింది నేనే. ఉడత మా ఇంటికొచ్చిన రోజు అమ్మ దాని పొడి జుట్టునే సన్నపళ్ళ దువ్వెనతో పైనుంచి లాగింది. రెండు పళ్ళు విరిగాయి. "ఓ ఫొటో తియ్యవే" అంటే తీశాను. ఎందుకని అడగలేదు.

"నా దగ్గర ఎప్పుడూ ఇలా లేదండీ" అన్నాడు బావ. మేడం రాసుకుంటున్నారు. ఉడత ఎవరింట్లో పడుకోవాలో ఆ పెన్నే తేలుస్తుంది.

"అది మా ఇల్లండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "వెనక కర్టెను నేను కుట్టిందే. దువ్వింది అమ్మ. ఫొటో తీసింది నేను."

"నోట్లో నాలుక లేదనుకున్నానే నీకు!" అంది అమ్మ.

మేడం ఫొటో దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత ఒకసారి దువ్వి చూపించమని బావని అడిగారు. అతను దువ్వెన తీయగానే, ఎవరూ చెప్పకుండానే, ఉడత వచ్చి అతని మోకాళ్ళ మధ్య కూర్చుని తల వంచింది.

తీర్పు వచ్చేదాకా పిల్ల తండ్రి దగ్గరే ఉండాలని నిన్న కాగితం వచ్చింది. తీర్పు ఎప్పుడో, ఎలా ఉంటుందో తెలియదు. అమ్మ నాతో మాటలు మానేసింది. గుండీల బుట్ట మాత్రం తెచ్చి నా ముందు పెడుతుంది.

ఇవాళ పొద్దున బుట్ట పెట్టి, నా వైపు చూడకుండానే అడిగింది.

"ముందు నీళ్ళా, నూనెనా?"

అడిగింది మనవరాలి కోసమో, వచ్చే వాయిదా కోసమో తెలియక, నేను వెంటనే చెప్పలేకపోయాను.