రెండు చుక్కల చేపలు

ఉరవకొండలో మా ఆయన ఐసుపెట్టెల్లో వచ్చే సముద్రపు చేపలు అమ్ముతాడు. తూకం వేసిచ్చేది నేను. పోయిన ఎండాకాలం ఒక పెట్టెలో ఒంటినిండా చుక్కలు, చిలక ముక్కులాంటి పళ్లు ఉన్న చేపలు రెండు వచ్చాయి. అలాంటివి మేమెప్పుడూ చూడలేదు. ఒకటి వెనక వీధి రమణక్క కొనుక్కుపోయింది. రెండోది మా ఇంట్లో పులుసైంది.

అందరికన్నా ముందు మా అత్త తింది. కాసేపటికే, "పెదాలు తిమ్మిరెక్కతాండాయే" అంది. చేతిలోని చెంబు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. మా ఆయన ఆమెను ఆటోలోకి ఎక్కిస్తూ, "నువ్వు రమణక్క ఇంటికి పో! ఆ చేప తిననియ్యద్దు!" అని అరిచాడు.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. రమణక్క పిల్లలకు అన్నం కలుపుతోంది. రొప్పుతూనే కంచం లాగేసి పులుసు దబరా నేలమీద బోర్లించాను.

"ఏమ్మే, పిచ్చి పట్టిందా నీకు?" అంటూ రమణక్క నా రెక్క పట్టుకుంది.

"విషమక్కా! మా అత్త పడిపోయింది" అని ఏడ్చేశాను. ఆమె గబగబా పిల్లల నోళ్లు తెరిచి చూసింది. అదృష్టం, ఎవరూ ఇంకా ముద్ద పెట్టుకోలేదు.

అనంతపురం ఆసుపత్రిలో అత్తకు ఊపిరి మిషన్ పెట్టారు. డాక్టరు ఏం చేపని అడిగితే, మా ఆయన మాకు పెట్టెలు పంపే రేవు వ్యాపారికి ఫోన్ చేశాడు. "ఎక్కడో పగడపు రాళ్లలో తిరిగే చేపంటున్నారు. మా వైపు ఎప్పుడూ లేదు, ఈ ఏడే వలల్లో పడుతోంది" అన్నాడు ఆ వ్యాపారి.

అత్త బతికింది. సముద్రం పక్కన పుట్టినవాళ్లకే తెలియని చేపను, సముద్రమే చూడని మేమెలా గుర్తుపట్టాలి? రమణక్క మళ్లీ చేపలకు వస్తోంది. తూకం వేసి ఇవ్వడానికి నాకే చెయ్యి ఆడడం లేదు.